ఇరవయ్యో రోజు

మా అత్త హనుమంతమ్మ కార్తీకమాసంలో ఒక బుధవారం మధ్యాహ్నం చనిపోయింది. ఆమె కొడుకు జయరాముడు ఆంజనేయస్వామి గుడిలో కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి ఆ రోజుకు సరిగ్గా ఇరవై రోజులు. మా వైపు ప్రమాణానికి గడువు ఇరవై ఒక్క రోజులు. ఆ లోపల ప్రమాణం చేసినవాని ఇంట్లో కీడు జరిగితే వాడు ఆడింది అబద్ధమని లెక్క. గడువు దాటితే నిజమని లెక్క. ఇంకొక్క రోజు గడిచి ఉంటే ఆమె చావు ఒక ముసలమ్మ చావుగానే ఉండేది.

హనుమంతమ్మ నాకు రెండు విధాలా అత్త. మా నాయనకు చెల్లెలు, నా భార్య ధనలక్ష్మికి తల్లి. నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ పోతే నన్ను పెంచింది ఆమే. జయరాముడు ధనలక్ష్మికి తమ్ముడు. పెనుకొండలో రోడ్డు పక్కన అతనికి ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. నేను రొద్దం హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి, కాపురం పెనుకొండలోనే.

అది 1998. ఆ ఎండాకాలంలో నేను ఒక పాత పికప్పు కొన్నాను. ఏదో ప్రభుత్వ శాఖ వాడుకుని వేలంలో వదిలించుకున్న బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి. పెన్నకు అవతల ఉన్న పల్లెల్లో పట్టుపురుగులు మేపేవాళ్ళు ఎక్కువ. పట్టుగూళ్ళు కోసిన రోజునే హిందూపురం మార్కెట్టుకు చేరాలి. ఏటి ఇసుకలోకి మామూలు టెంపోలు దిగవు. "సార్, మీరొక బండి తీసుకోండి. మా గూళ్ళన్నీ మీ బండికే," అని ఆ పల్లెల్లో పెద్దమనిషి రంగప్ప రెండేళ్ళుగా అడుగుతూ ఉన్నాడు. ఆయన పిల్లలు ముగ్గురూ నా దగ్గర చదివినవాళ్ళే.

బండిని మొదట జయరాముని షెడ్డుకే తీసుకువెళ్ళాను. అతను చుట్టూ ఒకసారి తిరిగి, కిందికి వంగి చూసి లేచాడు.

"ఏం బావా, బండి కొన్నావా, తుక్కు కొన్నావా?"

"నువ్వుండావు కదా అని కొన్నా."

"డాక్టరు ఇంట్లో ఉండాడని రోగం తెచ్చుకుంటారా ఎవురైనా?"

పక్కనే నిలబడిన, నేను బండికి పెట్టుకున్న డ్రైవరు తిప్పేస్వామి గట్టిగా నవ్వాడు. జయరాముడూ నవ్వాడు. ఆ తర్వాత పది రోజులు అతను వేరే పని ముట్టలేదు. బండి రోడ్డు మీదికి వచ్చిన రోజున మా అత్త దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "నా కొడుకు చేతి బండి, నా అల్లుని బండి, రెండూ ఒకటే," అని తనకు తానే చెప్పుకుంది. ఆ మూడు నెలలు మా రెండు ఇండ్లూ ఒకటిగానే ఉన్నాయి.

సెప్టెంబరులో వానలు పడ్డాయి. పెన్నలో నీళ్ళు వచ్చాయి, మోకాటికి పైన. అవతలి ఒడ్డున రంగప్పవీ, ఇంకో ఇద్దరివీ గూళ్ళు సిద్ధంగా ఉన్నాయి. తిప్పేస్వామి ఒడ్డున బండి ఆపి తల గీరుకున్నాడు.

"దాటుతాది సార్. కానీ ఇరుసులోకి నీళ్ళు పోతే?"

ఇరుసు మధ్యలో పళ్ళ చక్రాలుండే పెట్టె పైన, గాలి పోయి రావడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని బ్రీదరు అంటారు. నడిచి నడిచి కాగిన ఇరుసు చల్లని నీళ్ళలోకి దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, ఆ రంధ్రంలోంచి నీళ్ళను లోపలికి పీలుస్తుంది. వేడి గాలి చల్లబడితే సంకోచిస్తుందని నేను ఎనిమిదో తరగతికి ప్రతి ఏడూ చెప్పే పాఠమే. తిప్పేస్వామికి అక్కడే ఒడ్డున నిలబడి చెప్పాను. వేపపుల్లలు విరిచాం. ముందు ఇరుసు రంధ్రానికి అతను కొట్టాడు. వెనకది లోపలికి ఉంటుంది, పైన స్టెప్నీ టైరు అడ్డం. నేనే ప్యాంటు మడిచి కిందికి దూరి పుల్ల బిగించి, బయట మిగిలిన ముక్క విరిచేసి, పైన కొవ్వొత్తి మైనం మెత్తాను.

బండి ఏరు దాటింది. అవతల రంగప్ప మనుషులు కేకలు వేశారు.

"సదువుకున్నోళ్ళు సదువుకున్నోళ్ళే సార్," అన్నాడు తిప్పేస్వామి.

నాకు సంతోషమైంది. వారం తర్వాత ఏరు తగ్గినప్పుడు, "ఆ పుల్లలు తీసేయప్పా," అని అతనికి చెప్పాను. "తీసేసినా సార్," అన్నాడు. అతను తీసింది అతను కొట్టిన పుల్ల. వెనకదాని సంగతి అతనికి గుర్తు లేదు, నాకూ లేదు.

ఆ నెలాఖరులో బండి నిలిపిన చోట నేల మీద నల్లని మచ్చ కనిపించింది. వెనక ఇరుసు మూతి దగ్గర, ఇంజన్ నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టు కలిసే చోట, ఆయిలు కారుతూ ఉంది. జయరాముడు పడుకుని చూసి, "సీలు పోయింది బావా. పాత బండి కదా," అన్నాడు. కొత్త సీలు హిందూపురంలో నేనే కొని తెచ్చాను. తిరిగే షాఫ్టును రబ్బరు పెదవితో పట్టుకుని ఆయిలును లోపలే ఉంచే ఉంగరం అది. అరచేతిలో పడుతుంది.

ఆ ఆదివారం నేను అతని పక్కనే కూర్చున్నాను. షాఫ్టు విప్పక ముందు నట్టు మీదా, దాని పక్కనా సుద్దతో గీత గీశాడు. "ఇది ఎంత బిగువులో ఉన్నిందో మల్ల అంతే బిగువులో ఉండాల. ఒక్క చుట్టు ఎక్కువైనా లోపల పండ్లు అరుస్తాయి," అన్నాడు. నట్టు విప్పి, సీలు ఒరుసుకునే చోట వేలుతో తడిమి చూశాడు. సన్నని గాడి తగిలిందట. అరగంట సేపు దాన్ని నీళ్ళలో తడిపిన ఎమెరీ గరుకు కాగితంతో రుద్దాడు. అంత పనితనం నేను నా బోర్డు మీద ఏనాడూ చూపలేదు. మధ్యలో ఎవరో చుట్టాలు వచ్చారని ధనలక్ష్మి కబురు పంపితే నేను లేచి వచ్చేశాను. సీలు వేయడం నేను చూడలేదు.

పది రోజులకు మళ్ళీ కారింది. ఈసారి మూతి దగ్గరే కాకుండా వెనక చక్రాల లోపలి నుంచి కూడా. బ్రేకు డ్రమ్ములు ఆయిలులో నానాయి. మూడు సీళ్ళు తెచ్చి ఇచ్చాను. జయరాముడు వాటిని వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూశాడు.

"బావా, బ్రీదరు బాగుండాదా? ఏట్లో దించినారంట కదా. ఏమన్నా మూసింటిరా?"

"మూసినాం. మల్ల రెండూ తీసేసినాం."

"రెండూనా?"

"చెప్తాండా కదా."

నా గొంతులో విసుగు నాకే వినిపించింది. క్లాసులో రెండోసారి అడిగే పిల్లలతో మాట్లాడే గొంతు అది. అతను ఇంకేమీ అడగలేదు. కిందికి దూరి చూడనూ లేదు. బావ చెప్పిన మాట తర్వాత తన కళ్ళతో చూడడం నన్ను అనుమానించినట్లవుతుందని అనుకుని ఉంటాడు. నేను బడికి పోయాను. ఆ రోజు పని దగ్గర తిప్పేస్వామి ఉన్నాడు.

దీపావళి మరునాడు, సోమందేపల్లి దాటిన తర్వాత, నిండు లోడుతో బండి వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. ఇరుసులో ఆయిలు చుక్క లేదు. పళ్ళు ఒకదానినొకటి నమిలేశాయి. రంగప్పవీ, మరో ఇద్దరు రైతులవీ గూళ్ళు ఎండలో గంటల తరబడి మూటల్లోనే ఉండిపోయాయి. ఇంకో బండి దొరికి మార్కెట్టుకు చేరేసరికి వేలంపాటలు అయిపోయాయి. మరునాటికి లోపలి పురుగులు చచ్చి గూళ్ళకు మరకలు పట్టాయి. నెల రోజులు పొద్దూ రాత్రీ ఆకు మేపి పెంచిన పంట.

రంగప్ప నన్ను ఏమీ అనలేదు. అదే నాకు కష్టమైంది. "పోనీలే సార్, మీరేం చేస్తారు," అన్నాడు. ఆ పక్క రైతు మాత్రం, "సార్‌ను నమ్ముకోని బండెక్కిస్తిమి," అని ఎవరితోనో అంటున్నట్లు అన్నాడు.

గురువారం పొద్దున్న అందరం జయరాముని షెడ్డు దగ్గర ఉన్నాం. నేను, రంగప్ప, ఆ ఇద్దరు రైతులు, తిప్పేస్వామి. లాగి తెచ్చిన బండి పక్కన నిలబడి ఉంది.

"సార్, చెప్పకూడదనుకుంటి," అన్నాడు తిప్పేస్వామి. "మొన్న నేను నా కండ్లతో చూసినా. ఈయప్ప పాత సీలును పెట్టి సుత్తితో కొట్టినాడు."

జయరాముడు మొదట నవ్వాడు.

"నువ్వు చూసింది నిజమేనప్పా. పాతదాన్ని పెట్టే కొట్టినా. కొత్త సీలు మింద నేరుగా సుత్తి పడితే వంకర పోతాది. పాతది అదే సైజు కదా. దాన్ని పైన పెట్టి కొడితే కొత్తది సమంగా లోపలికి పోతాది. ఆమీట పాతదాన్ని తీసి పారేస్తాం."

"తీసింది నేను చూళ్ళా."

"నువ్వు టీకి పోయింటివి."

"టీకి పోతే ఎంత సేపు పోయింటా? ఐదు నిమిషాలు."

"ఐదు నిమిషాలు చాలు కదబ్బా. అదేమన్నా ఆపరేషనా?"

ఎవరూ నవ్వలేదు. నేను అడిగాను. "రెండుసార్లు కొత్తవి తెచ్చి నీ చేతికిచ్చినా. రెండుసార్లూ కారింది. కొత్తవే వేసింటే ఎందుకు కారుతాది?"

"అదే నాకూ తెలియడంల్యా బావా," అన్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు అక్కడ మాట్లాడినవాళ్ళలో సరైన జవాబు చెప్పింది అతనొక్కడే. తెలియనిదాన్ని తెలియదన్నాడు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు నేను నేర్పాలనుకున్నది కూడా అదే. కానీ రంగప్ప చూస్తున్నాడు, ఆ రైతులు చూస్తున్నారు, వాళ్ళ నష్టానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషిని నేను కాకూడదు.

"అయితే కర్పూరం ఆర్పు," అన్నాను.

జయరాముడు నా ముఖంలోకి చూశాడు. నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదని అతనికి తెలుసు. గ్రహణం రోజున బడి వరండాలో పిల్లలకు అరటిపండ్లు పంచి నేనూ తిన్నవాణ్ణి. అందుకే రంగప్ప కూడా ఆశ్చర్యంగా నావైపు తిరిగాడు.

"బావా, నువ్వేనా చెప్తాండేది?"

"నేనే."

అతను బావి దగ్గరికి పోయి తల మీద నీళ్ళు పోసుకున్నాడు. తడి బట్టలతోనే గుడికి నడిచాడు. వెనక మేం ఐదుగురం. లోపల పూజారి. గడప మీద కర్పూరం వెలిగించారు. "ఆ బండికి నేను కొత్త సీళ్ళు తప్ప పాతది వేసినోన్ని కాదు స్వామీ," అన్నాడు జయరాముడు. అరచేయి మంట మీద బోర్లించి అదిమాడు. పూజారి తలుపు పక్కన గోడ మీద బొగ్గుతో తిథి రాశాడు.

*

మా అత్తకు అప్పటికే వానాకాలం నుంచీ దగ్గు ఉంది. ప్రమాణం సంగతి ఆమెకు చెప్పింది జయరాముని భార్య పవిత్ర. నేను సాయంత్రం పోయేసరికి మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"రామచంద్రా, వాడు కొత్త సీళ్ళు దొంగతనం చేసింటాడా?"

జారిన దుప్పటి ఆమె కాళ్ళ మీదికి లాగాను.

"చేసిండడు. వాడు తప్పు చేసింటే నేను ఇంత నెమ్మదిగా ఉండను. నా భయం అది గాదు," అంది. "నా ఈడోళ్ళు ఈ ఊర్లో వారానికొకరు పోతాండారు. ఇప్పుడు నాకేమన్నా అయితే అది వాని మీదికే వస్తాది. యముడు వచ్చేదైతే ఇరవై రెండో దినం రమ్మను. అప్పుడు వాకిట్లో ఎదురు పోయి నిలబడతా. ముందు వస్తే మాత్రం వాని దున్నపోతు కాళ్ళిరగ్గొడతా."

పవిత్ర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ రోజు నుంచి ఆమె మొండిగా బ్రతకడం మొదలుపెట్టింది. సూది అంటే ఆమడ దూరం పోయే మనిషి, డాక్టరు వస్తే తానే చెయ్యి చాచేది. సయించకపోయినా గంజి తాగేది. తాగి వాంతి చేసుకుని, మళ్ళీ తెమ్మనేది. వానలో తడుస్తానని పెరట్లోకి పోయేది కాదు. జారిపడతానని గడప దగ్గర పవిత్ర చేయి పట్టుకునేది. పదో రోజుకు దగ్గు తగ్గినట్లే కనిపించింది. పదిహేనో రోజున జ్వరం తిరగబెట్టింది. డాక్టరు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నాడు. అనంతపురం తీసుకుపోదామంటే ఆమె ఒప్పుకోలేదు. "దావలో పోతే?" అంది.

జయరాముడు ఆ రోజుల్లో షెడ్డుకు పోయేవాడు కాదు. పోయినా బండ్లు రావడం లేదు. గడువు అయ్యాక చూద్దామని అందరూ ఆగారు. నాతో అతను మాట్లాడలేదు. నేను వస్తే కుర్చీ వేసేవాడు, తాను బయట అరుగు మీద కూర్చునేవాడు.

పందొమ్మిదో రోజు సాయంత్రం ఆమె నన్ను మంచం దగ్గరికి పిలిచింది. మాట పలచబడిపోయింది. ధనలక్ష్మి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది.

"ఎన్నాళ్ళాయె నాయనా?"

"పందొమ్మిది, అత్తా."

"ఇరవై ఒకటి అయ్యిండాల్నే."

"లేదత్తా. పందొమ్మిదే."

ఆమె కళ్ళు మూసుకుంది. "అయితే ఇంకా ఉండాల," అంది. ఆ గదిలో గోడ మీద క్యాలెండరు లేదు. ఆమెకు చదువు రాదు. ఇరవై ఒకటి అయిపోయిందని నేను అని ఉంటే, నెమ్మదిగా పోయి ఉండేది. నేను అబద్ధం చెప్పను అనే పేరు నాకు ఉంది. ఆ రాత్రంతా, మరునాడు మధ్యాహ్నం దాకా, ఆమె ఒక్కొక్క ఊపిరిని గుంజుకుంది. తర్వాత గుంజుకోలేకపోయింది.

అప్పుడు ఇంట్లో మేం నలుగురమే. ధనలక్ష్మి ఏడవలేదు. లేచి వీధి తలుపు దగ్గరికి వేసింది.

"ఎవురూ నోరెత్తొద్దు," అంది. "రేపు సాయంత్రం దాకా ఆమెకు జ్వరం. నిద్రపోతాండాది. రేపు సాయంత్రం చెబుదాం."

పవిత్ర నన్ను చూసింది. నేను నేలను చూశాను. ఒక్క రోజు. అందులో ఎవరికీ నష్టం లేదు. నేను అవునంటే అయిపోయేది. కాదన్నా అయిపోయేది. నేను ఏదీ అనలేదు.

"వద్దక్కా," అన్నాడు జయరాముడు.

"వద్దంటే ఎట్లరా? అమ్మ ఎందుకు ఇన్నాళ్ళు పానం ఉగ్గబట్టుకునింది? నీ కోసం కాదా?"

"నా కోసమే. అట్లని ఆయమ్మను మూలన దాచిపెట్టేదేంది? ఈగలు వాలతాండాయి చూడు." తల్లి ముఖం మీద కొంగు సరిచేశాడు. "నేను నిజం చెప్పినా. దానికి మల్ల ఒక అబద్ధం ఎందుకు?"

తలుపు తీసుకుని బయటికి పోయాడు. ఎదురింటి అరుగు మీద ఉన్నవాళ్ళతో, "మాయమ్మ పోయిందప్పా," అని చెప్పడం వినిపించింది. అప్పుడు ధనలక్ష్మి ఏడ్చింది.

రంగప్ప ఏటి అవతలి నుంచి దండతో వచ్చాడు. శ్మశానంలో జయరాముడు కుండ మోస్తూ తిరుగుతుంటే నా వెనక ఎవరో అన్నారు: "ఇరవై దినాలు. దేవుడు లెక్క తప్పడు." ఇంకెవరో, "పాపం, వాని కోసం ముసలామె పోయింది," అన్నారు. తిప్పేస్వామి కళ్ళల్లో నీళ్ళున్నాయి. తాను చూసింది నిజమని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. అతన్ని నేను ఇప్పటికీ తప్పు పట్టను.

కర్మాంతరం అయిన వారానికి జయరాముడు షెడ్డు ఖాళీ చేశాడు. పానాలు, జాకీలు, కత్తిరించిన ట్యూబులు రెండు గోతాల్లో కట్టుకుని, పవిత్రను తీసుకుని హిందూపురం పోయాడు. అక్కతో చెప్పి పోయాడు.

*

పికప్పును వదిలించుకోవాలనుకున్నాను. ధర్మవరంలో పట్టునూలు రవాణా చేసే ఒకాయన కొంటానన్నాడు, ఇరుసు బాగుచేయించి ఇవ్వమన్నాడు. డిసెంబరులో ఒక శనివారం సెలవు పెట్టి బండిని అక్కడికి లాగించుకుపోయాను. మెకానిక్ పేరు ఏసురత్నం, యాభై ఏళ్ళ మనిషి. "రేపు చర్చికి పోవాల సార్, ఈ పొద్దే ముగిస్తా," అని పొద్దున్నే మొదలుపెట్టాడు.

ఇరుసు దించి, ఆరిన మట్టి గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ ఆగాడు.

"ఇదెవురు మూసినారు సార్?"

దగ్గరికి పోయాను. నల్లని మట్టి కింద మైనం, మైనం కింద వేపపుల్ల. అతను మేకుతో పొడిచి పుల్లను బయటికి లాగి నా చేతిలో పెట్టాడు.

"ఇంతకుముందు సీళ్ళు కారుతాండెనా?"

"రెండుసార్లు మార్చినాం."

"నూరుసార్లు మార్చినా కారతాది. దీనికి ఊపిరి ల్యాకుండా చేసినారు. బండి నడిస్తే లోపల కాగుతాది. కాగితే గాలి పెరుగుతాది. పోయే దావ ల్యాకపోతే యాడికి పోతాది? సీలును తోసుకోని పోతాది, ఆయిలును తీసుకోని." గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మీరు అయ్యవారంట కదా. ఏం చెప్తారు సార్ పిల్లోళ్ళకు?"

"సైన్సు."

అతను నన్ను ఒకసారి చూసి, తల దించుకుని పనిలో పడ్డాడు.

చల్లబడితే గాలి సంకోచిస్తుంది. వేడెక్కితే వ్యాకోచిస్తుంది. పుస్తకంలో అవి ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఏటి ఒడ్డున నేను పై వాక్యం చెప్పి ఆపేశాను.

మధ్యాహ్నం దాటాక అతను కొత్త సీలు తీశాడు. పెదవికి వేలుతో గ్రీజు రాసి, దాని చోట నిలిపాడు. తర్వాత కింద పడి ఉన్న పాత సీలు తీసుకుని తుడిచి, కొత్తదాని మీద ఆనించి, సుత్తితో చుట్టూ మెల్లగా తట్టాడు. నేను అడగకుండా ఉండలేకపోయాను.

"పాతది ఎందుకు?"

"సమంగా పోయేదానికి సార్. ఎవురైనా ఇట్లనే వేసేది."

పాతదాన్ని పైకి లాగి అవతలికి విసిరేశాడు. దానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంటికి వచ్చి ధనలక్ష్మికి చెప్పాను. ఆమె చేటలో అలసందలు ఏరుతూ ఉంది. చివరిదాకా తల ఎత్తకుండా వింది.

"వానికి చెప్పినావా?"

"ఇంకా లేదు."

"మల్ల నాకెందుకు చెప్తాండావు?"

ఆ తర్వాత ఆమె నాతో అవసరమైన మాటలన్నీ మాట్లాడింది. ఈ పదేళ్ళలో ఇంట్లో ఏ లోటూ రానివ్వలేదు. నన్ను బావా అని మాత్రం మళ్ళీ పిలవలేదు.

హిందూపురంలో జయరాముడు ఒకరి షెడ్డులో కూలికి చేస్తున్నాడు. నన్ను చూసి లారీ కింద నుంచి లేచి వచ్చాడు. పక్క హోటల్లో కూర్చున్నాం. పుల్ల సంగతి చెప్పాను.

"ముందరిదా, ఎనకదా?"

"వెనకది. నేను కొట్టినదే."

"నేనడిగితిని," అన్నాడు. కాసేపు టీ గ్లాసును బల్ల మీద తిప్పుతూ ఉన్నాడు.

"తప్పు నాది, రాముడూ. నువ్వు కొత్తవే వేసినావు."

"నాకు చెప్పేదేముండాది బావా? నేను కొత్తవే వేసినానని నాకు తెల్దా?" గొంతులో కోపం లేదు. "తెలియనోళ్ళకు చెప్పు. యాడ ఆర్పమంటివో ఆడ చెప్పు. వాళ్ళ ముందర. మాయమ్మ నా వల్ల పోలేదని చెప్పు. నాకు అదొకటి చాలు."

"చెప్తా. ఉగాదికి అందరూ గుడికి వస్తారు. ఆ రోజు చెప్తా."

"సరే," అన్నాడు. టీకి నన్ను డబ్బులు ఇవ్వనివ్వలేదు.

ఉగాదికి గుడికి పోయాను. రంగప్ప వచ్చాడు, ఆ ఇద్దరు రైతులూ వచ్చారు, తిప్పేస్వామి ఉన్నాడు, పూజారి పంచాంగం చదివాడు. చదవడం అయ్యాక నేను లేచి నిలబడ్డాను. నేను మాట్లాడక ముందే రంగప్ప నా చేయి పట్టుకున్నాడు.

"మీలాంటి మనిషి ఉండరు సార్," అన్నాడు నలుగురూ వినేటట్లు. "ఆయప్ప అంత పని చేసినా ఒక్క మాట బయట అనలేదు. ఆయమ్మకు అన్నీ దగ్గరుండి మీరే చేసినారు. మా పిల్లోళ్ళకు మీ గురించే చెప్తాంటాం."

అందరూ నావైపు చూస్తున్నారు. నేను దండం పెట్టి కూర్చున్నాను.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు పని చేసి రిటైరయ్యాను. ప్రతి ఏడూ ఎనిమిదో తరగతికి ఆ పాఠం రెండు వాక్యాలూ చెప్పాను. పూజారి పోయాడు. రంగప్ప కిందటి ఏడు పోయాడు. ఆ రైతుల్లో ఒకాయనకు మనుషులు గుర్తు లేరు. ఇంకొకాయనా, తిప్పేస్వామీ ఉన్నారు. తిప్పేస్వామి రోజూ పొద్దున మా వీధిలోనే ఆటో తోలుతూ నాకు నమస్కారం పెడతాడు. జయరాముడు ఆ తర్వాత పెనుకొండలో కాలు పెట్టలేదు.

నేను వాళ్ళెవరికీ ఇంతవరకు చెప్పలేదు.